ఆ బొత్తాం అటుపక్కకి జరిపితే ఏం పోయింది?

సెలవులొస్తే పిల్లలు ఫోన్లకి అతుక్కుపోతున్నారని గోలపెట్టని ఇల్లు ఉందంటే నేను నమ్మను. ఆ గోల నేనూ పెట్టాను, మళ్ళీ పెడతాను కూడా. ఇవాళ మాత్రం వేరే సంగతి. ఎంతసేపు ఆడాలి, అసలెందుకు ఆడాలి అన్నవి కాసేపు గూట్లో పెట్టేసి, ఈ ఆటలు తయారుచేసేవాళ్ళు ఎవరి చేతుల్ని ఊహించుకుని చేస్తున్నారు అని అడగాలనిపిస్తోంది.

మా చిన్నదానిది ఎడంచేతి వాటం. మా అమ్మమ్మ ఉంటే పుర్రచెయ్యి అనేది. లోకంలో సుమారు పదిమందికి ఒకరు ఇలాంటివాళ్ళేనంటారు. మా ఇంట్లో దీని మీద పెద్ద యుద్ధాలేమీ జరగలేదు. దానికి మూడేళ్ళప్పుడే అత్తయ్యగారికీ నాకూ ఒక ఒడంబడిక కుదిరింది. అన్నం కుడిచేత్తో, అక్షరం ఎడంచేత్తో. పెళ్ళి పంక్తిలో నలుగురూ చూస్తే బాగుండదని ఆవిడ బెంగ, రాసే చేతిని మారిస్తే పిల్లకి చదువంటేనే విసుగొస్తుందేమోనని నా బెంగ. చెరి సగం గెలిచాం. ప్రసాదం దగ్గర మాత్రం ఇప్పటికీ ముందు ఎడం చెయ్యే వస్తుంది, వెంటనే నాలిక్కరుచుకుని చెయ్యి మార్చుకుంటుంది. పూజారిగారు నవ్వి ఊరుకుంటారు.

కత్తెర దగ్గర ఆ నవ్వు కూడా లేదు. మామూలు కత్తెర ఎడంచేత్తో పట్టుకుంటే రెండు పలకలూ ఒకదాన్నొకటి ఒరుసుకోవు, దూరంగా జరుగుతాయి. కాగితం తెగకుండా మధ్యలో ఇరుక్కుని మడత పడుతుంది. పైగా మనం కత్తిరించాల్సిన గీత పై పలక వెనక దాక్కుంటుంది. ఒకటో తరగతిలో దాని రంగు కాగితాల పువ్వులన్నీ ఎలకలు కొరికినట్టు ఉండేవి. తప్పు పిల్లది కాదు, కత్తెరది. ఇది కుట్టుపని చేసేవాళ్ళకి చెబితే చటుక్కున అర్థమవుతుంది. ఫోన్లో ఆట కూడా ఒక కత్తెరలాంటిదే అంటే మాత్రం "మరీ చోద్యం కాకపోతే" అంటారు.

అన్నది వేరెవరో కాదు, మా తమ్ముడే. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "అక్కా, గేమ్ కంట్రోలర్‌కి రెండు చేతులూ కావాలి. ఎడం బొటనవేలూ పనిచేస్తుంది, కుడి బొటనవేలూ పనిచేస్తుంది. ఇంక ఇందులో కుడిచేతి వాళ్ళకి పక్షపాతం ఎక్కడుంది?" అన్నాడు. తేలిగ్గా తీసిపారేసే మాటేమీ కాదు. నిజంగానే ఎంతోమంది ఎడంచేతి వాటం వాళ్ళు మామూలు కంట్రోలర్ మీద చక్కగా ఆడేస్తారు. చిన్నప్పటి నుంచి దానికే అలవాటు పడి, మార్చి ఇస్తే వద్దనేవాళ్ళూ ఉన్నారు.

కానీ రెండు చేతులూ వాడటం వేరు, రెండు చేతులకీ ఒకే పని ఉండటం వేరు. చపాతీలు వత్తేటప్పుడు రెండు చేతులదీ ఒకటే పని. చీరకి ఫాల్ కుట్టేటప్పుడు? ఒక చెయ్యి గుడ్డని పట్టుకుని కూర్చుంటుంది, ఇంకో చెయ్యి సూదిని నడిపిస్తుంది. మీరెవరైనా సరే ఒక్క జానెడు మేర సూదిని ఎడంచేతిలోకి మార్చుకుని కుట్టి చూడండి. కుట్టు వంకరపోవడం అలా ఉంచండి, మెడ నొప్పెడుతుంది. ఫోన్లో చాలా ఆటల్లో ఎడమవైపు గుండ్రం మీద వేలు పెట్టి బొమ్మని నడిపించాలి, కుడివైపు వేలితో గురిపెట్టి కొట్టాలి. నడవడం కాస్త మోటు పని, అటూ ఇటూ అయినా కొంప మునగదు. గురి మాత్రం సూదిపని. ఆ సూదిని ఎప్పుడూ కుడిచేతికే ఇచ్చి, "రెండు చేతులూ వాడుతున్నారుగా" అంటే ఎలా?

మా పిల్లల విషయంలో జరిగింది చెబుతాను. కిందటి వేసవిలో మా ఆడపడుచు పిల్లలూ మావాళ్ళూ కలిసి ఒక విల్లంబుల ఆట మీద పడ్డారు. ఎడం వేలితో నడవాలి, కుడి వేలితో నారి లాగి వదలాలి. చిన్నది ప్రతిసారీ ఆఖరే. మిగతావాళ్ళు దాన్ని ఏడిపించారు, పిల్లలన్నాక అది మామూలే. నాకు గుచ్చుకున్నది వేరు. వారం తిరిగేసరికి అదే అనడం మొదలుపెట్టింది, "నాకు గేమ్స్ చేతకావమ్మా" అని. తరవాత వాళ్ళన్నయ్య కంప్యూటర్లో ఏదో కోడింగ్ ఆట చూపించబోతే, అది చూడకుండానే "నాకు రాదులే అన్నయ్యా, నువ్వాడుకో" అని లేచిపోయింది. పదమూడేళ్ళ పిల్ల ఒక పని తనవల్ల కాదని తీర్మానించుకుంటే, ఆ తీర్మానం ఆ ఒక్క పనితో ఆగుతుందా చెప్పండి? ఆటల నుంచి కంప్యూటరుకి, కంప్యూటరు నుంచి లెక్కలకి, ఆడపిల్లల విషయంలో అది ఎంత తొందరగా పాకుతుందో మనకి తెలియంది కాదు. చేతకాదు అన్న మాటలో ఉన్నది చెయ్యో, 'చేయడం' అనే చేతో వ్యాకరణం తెలిసినవాళ్ళు తేల్చాలి గానీ, ఇక్కడ మాత్రం అచ్చంగా చేతి గొడవే.

అది కనిపెట్టింది మా పెద్దాడు. వాడు ఆడే ఇంకో ఆటలో బొత్తాలని వేలితో లాగి తెర మీద ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చట. ఊరికే సరదాకి నడిచే గుండ్రాన్ని కుడివైపుకీ, కొట్టే బొత్తాన్ని ఎడమవైపుకీ మార్చి చెల్లెలి చేతిలో పెట్టాడు. సినిమాల్లోలా వెంటనే గెలిచేయలేదు లెండి. నాలుగైదు రోజులు పట్టింది. కానీ ఆ నాలుగైదు రోజులూ ఫోన్ కింద పడేసి లేచిపోలేదు. ఐదో రోజు వాడు ఆ మార్చిన అమరికతోనే తనూ ఆడతానని కూర్చున్నాడు. పది నిమిషాలకే "బుర్ర తిరుగుతోందమ్మా, నా వేళ్ళు నావి కావనిపిస్తోంది" అని పక్కన పెట్టేశాడు. దానికి రోజూ అలాగే ఉంటుందిరా అన్నాను. వాడేమీ మాట్లాడలేదు. వేసవిలో ఆడిన ఆ విల్లంబుల ఆటలో మాత్రం బొత్తాలు మేకులు కొట్టినట్టు ఉన్నచోటే ఉంటాయి. సెట్టింగ్స్ అన్నీ వెతికాం. సంగీతం తగ్గించుకోవచ్చు, బాణానికి రంగు మార్చుకోవచ్చు (దానికి డబ్బు కట్టాలి), చెయ్యి మాత్రం మార్చుకోలేం.

ఈ అమరిక ఏమన్నా బ్రహ్మ రాతా అని మావాడి సాయంతో కాస్త తవ్వి చూశాను. సరదా సంగతులు దొరికాయి. 1977లో అటారీవాళ్ళు అమ్మిన ఇంటి ఆటల యంత్రానికి ఒక నల్ల పెట్టె, మధ్యలో కర్ర, పై ఎడమ మూలలో ఎర్ర బొత్తాం ఉండేవి. అంటే కర్రని కుడిచేత్తో తిప్పాలి, బొత్తాన్ని ఎడం బొటనవేలితో నొక్కాలి. 1982లో నింటెండోలో గున్‌పే యోకోయి అనే ఆయన చేతిలో పట్టే చిన్న డాంకీ కాంగ్ ఆటకి కూడిక గుర్తులాంటి మీట ఒకటి తయారుచేశాడు. దాన్ని ఎడమవైపు పెట్టారు. 1983లో వచ్చిన ఫామికామ్ యంత్రానికీ అదే వరస, మీట ఎడమ, బొత్తాలు కుడి. అక్కడి నుంచి లోకమంతా అదే. చూశారా, నడిపించే పని ఆరేళ్ళలో కుడిచేతి నుంచి ఎడంచేతికి బదిలీ అయిపోయింది, ఆకాశం ఏమీ ఊడి పడలేదు. అటారీ దాంట్లోనూ ఎడంచేతి పిల్లలు ఇబ్బంది పడ్డారు, తరవాతి దాంట్లోనూ వాళ్ళే సర్దుకున్నారు.

సర్దుబాటు చేయడం తెలియక కూడా కాదు. అదే అటారీ 1989లో లింక్స్ అనే చేతి యంత్రం తెచ్చింది. దాన్ని తలకిందులుగా తిప్పి పట్టుకుని బొమ్మని కూడా తిప్పుకోవచ్చు, మీట కుడిచేతి కిందకి వస్తుంది. ఎడంచేతి పిల్ల తనకి కావలసినట్టు పట్టుకుని ఆడుకోవచ్చు. మనలో చాలామందికి అప్పటికి ఇంట్లో టెలిఫోన్ కూడా లేదు! అప్పుడు చేయగలిగినది ఇప్పుడు, జేబులో ఇంత కంప్యూటరు పెట్టుకు తిరుగుతున్న రోజుల్లో కష్టమంటే ఏమనుకోవాలి?

నన్ను బాగా నవ్వించింది, ఆ వెంటనే ఒళ్ళు మండించింది ఇంకోటుంది. నింటెండోవాళ్ళ జెల్డా ఆటల్లో కథానాయకుడు లింక్. ఏళ్ళ తరబడి వాడు కత్తి ఎడంచేత్తో పట్టేవాడు. ఆ ఆటని పుట్టించిన మియామోటోగారిదీ ఎడంచేతి వాటమే. 2006లో వీ అనే కొత్త యంత్రం వచ్చింది. చేతిలో ఉన్న రిమోట్‌ని ఊపితే తెర మీద లింక్ కత్తి ఊపుతాడు. ఆడేవాళ్ళలో ఎక్కువమంది రిమోట్ పట్టేది కుడిచేత్తో, తెర మీద కత్తి ఎడంచేతిలో ఉంటే తికమక కదా. ఏం చేశారనుకున్నారు? ట్విలైట్ ప్రిన్సెస్ అనే ఆ ఆట మొత్తాన్ని అద్దంలో బింబంలా తిప్పేశారు! కత్తిని ఒక్కదాన్నే కాదు. ఊళ్ళు, కొండలు, దారులు, పటం, తూర్పు పడమరలతో సహా. పాత గేమ్‌క్యూబ్ యంత్రానికి అదే ఏడు అమ్మిన అదే ఆటలో లింక్ ఎడంచేతివాడే, ఊళ్ళు కూడా అసలు దిక్కుల్లోనే ఉంటాయి. 2011లో వచ్చిన తరవాతి ఆటకి వాడిని ఏకంగా కుడిచేతివాడిగానే పుట్టించారు.

కుడిచేతి వాళ్ళ సుఖం కోసం సూర్యుడి దిక్కు మార్చగలిగినవాళ్ళు, ఎడంచేతి పిల్ల కోసం రెండు బొత్తాలు అటుదిటు మార్చలేరా? లెక్క నాకు అర్థమవుతుంది, తొంభై మంది ఒకవైపు, పదిమంది ఒకవైపు. కానీ తొంభై మందికి లోకం తిప్పమన్నట్టు పదిమందికి తిప్పమని నేను అడగట్లేదే, ఒక మీట పెట్టమంటున్నా.

ప్లాస్టిక్‌తో చేసే వస్తువుకి అచ్చు పోయాలి, అచ్చుకి ఖర్చవుతుంది, కొనేవాళ్ళు తక్కువైతే గిట్టదు. అందుకే ఎడంచేతికి సరిపోయేలా వంపు తీర్చిన మౌస్‌లు అరుదు. రేజర్ అనే కంపెనీ పక్కన బోలెడు బొత్తాలుండే ఒక మౌస్‌ని ఎడంచేతికి చేసి, మధ్యలో ఆపేసి, మళ్ళీ 2020లో తెచ్చింది. 2012లో నింటెండో చేతి యంత్రానికి వచ్చిన కిడ్ ఇకారస్ అనే ఆటలో ఎడంచేతి వాళ్ళు అందరిలా జారే మీటతో నడుస్తూ పుల్లతో గురిపెట్టాలంటే, విడిగా అమ్మే ఒక అతుకు కొని యంత్రానికి తగిలించుకోవాల్సొచ్చింది. ఎందుకంటే ఆ మీట యంత్రానికి ఒకవైపే ఉంది. సరే, వస్తువు కాబట్టి ఒప్పుకుందాం. ఫోన్ తెర మీద బొత్తానికి అచ్చెక్కడిది? అది గీసిన బొమ్మ. ముగ్గులో చుక్కని ఇటు పెట్టినా అటు పెట్టినా పిండి ఒకటే ఖర్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 'ఎడమచేతి' అని ఒక మీట పెట్టి, నొక్కగానే అన్నీ తిప్పేసి చేతులు దులుపుకుంటే సరిపోదు. సచిన్ టెండూల్కర్ ఎడంచేత్తో రాస్తాడు, కుడిచేతి వాటంగా బ్యాటింగ్ చేస్తాడు. స్మృతి మంధాన పనులన్నీ కుడిచేత్తో చేసుకుంటుంది, బ్యాటింగ్ ఎడంచేతి వాటం. మా చిన్నదే చూడండి, అన్నం కుడి, రాత ఎడమ, షటిల్ బ్యాట్ ఎడమ, ముగ్గు ఏ చేత్తో పెడుతుందో దానికే తెలియదు. కాబట్టి మీటతో పాటు, దేన్నైనా విడిగా జరుపుకునే వీలు కూడా ఉండాలి. అలా జరిపాక తెర మీద వచ్చే సూచనలూ మారాలి. బొత్తాన్ని ఎడమకి తెచ్చుకున్నా "కుడివైపు నొక్కండి" అని బాణం గుర్తు మెరుస్తూనే ఉంటే పిల్ల దేన్ని నమ్మాలి? ఇంకోటి, మన ఇళ్ళల్లో ఒక ఫోన్‌ని ముగ్గురు పిల్లలు పంచుకుంటారు. ఒకరి అమరిక ఇంకొకరు చెరపకుండా ఎవరిది వాళ్ళకి గుర్తుండాలి. లేకపోతే ఇంట్లో రోజూ పంచాయితీ, తీర్పు చెప్పడానికి మళ్ళీ నేనే.

అక్షరాలు దిద్దించే చిన్నపిల్లల ఆటలైతే మరీను. మన రాత ఎడమ నుంచి కుడికి పోతుంది. ఎలా దిద్దాలో చూపించే నమూనా అక్షరాన్ని ఎడమవైపు పెడతారు. ఎడంచేతి పసివాడి అరచెయ్యి సరిగ్గా దాని మీదే పడుతుంది, ఇంక దేన్ని చూసి దిద్దుతాడు? నమూనాని పైన పెడితే ఏ చేతికీ గొడవ లేదు. ఒక్క ఎడంచేతి పిల్ల చేత ఒక్క పూట ఆడించి చూసి ఉంటే తయారుచేసినవాళ్ళకి ఇది తెలిసేది.

పూర్తిగా చీకటేమీ లేదు. 2015లో ప్లేస్టేషన్ 4 యంత్రంలోనే బొత్తాల పనులు మార్చుకునే వీలొచ్చింది. నింటెండో స్విచ్‌లో 2020లో వచ్చింది. 2018లో మైక్రోసాఫ్ట్‌వాళ్ళు, చేతులు సరిగ్గా సహకరించనివాళ్ళ కోసం ఎవరికి కావలసినట్టు వాళ్ళు బొత్తాలు తగిలించుకునే కంట్రోలర్ తెచ్చారు. అది చూశాక నాకు అనిపించింది, ఇది ఎడంచేతి వాళ్ళ గొడవ ఒక్కటే కాదు. చెయ్యి విరిగి కట్టుకట్టించుకున్న పిల్లాడు, వేళ్ళు వంకర్లుపోయి ఒక్క చేత్తోనే ఫోన్ నొక్కే మా అత్తయ్యగారు, చంటిపిల్లని ఒక చంకన వేసుకుని మిగిలిన చేత్తో కరెంటు బిల్లు కట్టే తల్లి, వీళ్ళందరికీ ఆ ఒక్క మీట పనికొస్తుంది.

నేను చదువుకున్న కాస్త తెలుగు నన్ను ఊరుకోనివ్వదు, ఒక్క మాట. సవ్యంగా ఉండటం అంటే మనకి సరిగ్గా ఉండటం. సంస్కృతంలో సవ్యమంటే మొదటి అర్థం ఎడమ. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు ఉత్తరుడికి తన పది పేర్లూ విడమరిచి చెబుతూ, రెండు చేతులతోనూ గాండీవం లాగగలను కనక సవ్యసాచినయ్యానంటాడు. ఎడంచేత్తో బాణం వేయడం మన దగ్గర బిరుదు! విల్లంబుల ఆట తయారుచేసినవాళ్ళకి ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండును.

"ఆటలే వద్దని మొత్తుకుంటుంటే మళ్ళీ ఎడంచేతి ఆటలా" అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. ఆటల సంగతి ఎలా ఉన్నా, ఈఏపీసెట్ లాంటి పరీక్షలు ఇప్పుడు కంప్యూటర్ ముందే రాయాలి, మౌస్‌తోనే జవాబు నొక్కాలి. కంప్యూటర్ ల్యాబుల్లో మౌస్ ఎప్పుడూ కుడిపక్కనే ఉంటుంది, తీగ ఎడమపక్కకి చాలదు. మావాడు ఇంట్లో కంప్యూటర్లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మౌస్ ఎడమ, కుడి బొత్తాల పనులు మార్చి చూపించాడు, అర నిమిషం పని. మీ ఇంట్లో ఎడంచేతి పిల్లలుంటే అది ఒకసారి చేసి ఇచ్చి, వాళ్ళకి ఏది హాయిగా ఉందో అడగండి. కొత్త ఆట ఎక్కించుకునే ముందు, కంట్రోల్స్ అన్న చోట బొత్తాలు జరుపుకునే వీలుందో లేదో కూడా చూడండి. లేకపోతే డబ్బు పెట్టి కొనకండి.

ఇంకో పని కూడా ఉంది. ప్రతి ఆటా రెండు రోజులకోసారి "మాకు ఐదు నక్షత్రాలు ఇవ్వండి" అని ప్రాణం తీస్తుంది కదా, విసుక్కుని మూసేస్తాం. ఈసారి మూయకుండా అక్కడ ఒక్క వాక్యం రాయండి. తెలుగులో రాసినా ఫరవాలేదు, చదివించుకోవడం వాళ్ళ పని. మొన్న ఆదివారం ఆ విల్లంబుల ఆట అలాగే అడిగితే ఫోన్ చిన్నదాని చేతికిచ్చాను. అది చాలాసేపు ఆలోచించి మూడు నక్షత్రాలు నొక్కింది. కింద, "బొత్తాం అటు పెట్టాక మిగతా రెండూ ఇస్తాను" అని రాసింది.